కన్యాద మీద మెలిక

లా కన్యాద,
మార్చి 2, 1954

తమ్ముడు బెలార్మినోకి,

ముందుగా శుభవార్త. మనం ఇప్పుడు కెనడాలో ఉన్నాం.

నేను న్యూ మెక్సికో దాటి ఎక్కడికీ కదల్లేదు. మన మట్టిగోడల ఇల్లు ఉన్నచోటే ఉంది, చూరుకి మిరపకాయల దండలు ఎప్పట్లాగే వేలాడుతున్నాయి, కాలవ పారుతోంది. అయినా ఎవరో చెప్పాపెట్టకుండా ఊరంతటినీ ఎత్తుకెళ్ళి కెనడాలో పెట్టారు. శనివారం ఎస్పన్యోలాకి పిండి కొనడానికి వెళ్ళాను. పెట్రోలు బంకులో కొత్త రోడ్డు మ్యాపు ఊరికే ఇస్తున్నారంటే ఒకటి తీసుకున్నాను. మన ఊరు మ్యాపులో పడటం ఇదే మొదటిసారి కదా, ఇల్లు చేరేదాకా ఆగలేక అక్కడే విప్పాను. చామా నదికి ఇవతల ఒక చుక్క, దాని పక్కన ఇంగ్లీషులో "కెనడా".

మన స్పానిష్‌లో ఎన్ అక్షరం నెత్తిన ఉండాల్సిన మెలిక లేదురా! ఆ మెలిక ఉంటేనే ఎన్ కాస్తా "న్య" అయి మనం "కన్యాద". అది తీసేస్తే ఇంగ్లీషు చదివేవాడి నోటికి వచ్చేది ఒక్కటే, ఆ చలిదేశం. ఫిలొమేనా సంగతి తెలుసుగా, పోస్టాఫీసు నడిపేది తనే అయినా ఊళ్ళో కబుర్లన్నీ తన నోటితోనే బట్వాడా చేస్తుంది. నన్ను చూడగానే "ఏమ్మా ఎవులాలియా, కెనడాలో చలెక్కువంట కదా, ఇంకో శాలువా కప్పుకోకపోయావా?" అంది. ఊరంతా నాలుగు రోజులుగా ఇదే నవ్వు.

మ్యాపు మూలన మీ కంపెనీ పేరే ఉంది. మీ డెన్వర్ ఆఫీసులో గీసేవాళ్ళు పన్నెండుమంది అన్నావు. వాళ్ళలో ఏ గుడ్డివాడిదో ఈ పని. నువ్వు ఆ రోజు సెలవులో ఉండి ఉంటావు. వాడెవడో కనుక్కుని నా తరఫున చెవి మెలిపెట్టు. రెండు చెవులూ.

నువ్వు అడిగేలోపే చెప్పేస్తున్నాను. మక్లోవియో మొంతాన్యో దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి ఆరు వారాలైంది. మన ఊరొచ్చి వెళ్ళినప్పటినుంచీ రెండేళ్ళుగా నెల తప్పకుండా రాసిన మనిషి. వ్యోమింగ్‌లో మంచు దట్టంగా పడుతోందట, ఆ మంచులో గొర్రెల్ని చూసుకునేవాడికి కాగితం కలం పట్టుకునే తీరిక ఎక్కడుంటుంది? నేనేమీ బెంగ పెట్టుకోలేదు. పెళ్ళి దుప్పటి మీద పూలు సగం కుట్టేశాను. అది పెళ్ళి దుప్పటి అని ఎవరన్నారు? అతను ఇంకా అడగనేలేదు. ఉత్త దుప్పటి. అంతే.

మీ అక్క,
ఎవులాలియా

*

డెన్వర్,
మార్చి 9, 1954

అక్కా,

నీ ఉత్తరం చదివి పడీ పడీ నవ్వాను. ఫిలొమేనాకి నా నమస్కారాలు చెప్పు. కెనడా పోస్టాఫీసు అంటే జీతం పెరుగుతుందేమో కనుక్కోమను.

దీన్ని అంత మనసుకి తీసుకోకు. ఇంగ్లీషులో ఆ మెలిక లేదు, వాళ్ళ టైపు మిషన్లలోనే లేదు. మన "కన్యోన్" మాట చూడు. పెద్ద పెద్ద లోయలు చూసి వాళ్ళకి ఆ మాట మీద మనసైంది, తీసుకున్నారు. మెలిక పెట్టలేక దాని బదులు వై అక్షరం ఇరికించి "కాన్యన్" అని రాసుకున్నారు. రాత మారినా పలుకు నిలిచింది. కన్యాదది ఆ అదృష్టం కాదు. నిఘంటువు తీసి చూశాను, "రెండు కొండల నడుమ ఇరుకు పల్లం" అని ఉంది. ఇరుకు పల్లం కోసం ఎవరు అదనంగా ఒక అక్షరం పెడతారు చెప్పు? పైగా మన ఊరి పూర్తి పేరు "కొర్దేరోస్ కన్యాద", గొర్రెపిల్లల పల్లం. అంత పొడుగు పేరు పట్టే చోటు మ్యాపులో లేదు. ఎస్పన్యోలాకి కూడా మెలిక లేదు, చూశావా? అది పెద్ద ఊరు కాబట్టి ఎక్కడికీ పోలేదు.

ఎవరు రాశారో కనుక్కోవడం అంత తేలిక కాదక్కా. ఒకరు నదులు గీస్తారు, ఒకరు రోడ్లు గీస్తారు, ఒకరు రంగులేస్తారు. చూద్దాం.

అది వదిలెయ్. అసలు సంగతి చెప్పు. దుప్పటి మీద గులాబీలు కుడుతున్నావా, గొర్రెలా? ఆయన అడగలేదంటావు. ఆయన ముందు గొర్రెల్ని అడిగి, అవి సరేనన్నాక నిన్ను అడుగుతాడు. ఓపిక పట్టు.

నీ తమ్ముడు,
బెలార్మినో

*

లా కన్యాద,
ఏప్రిల్ 12, 1954

బెలార్మినోకి,

ఆ నిఘంటువు రాసినవాడు జన్మలో గొర్రెని కాసి ఉండడు. తాతయ్య చెప్పింది మరిచిపోయావా? కన్యాద అంటే పల్లం మాత్రమే కాదు, మందలు నడిచే దారి. ఎండలు ముదిరితే కొండకి ఎక్కే దారి, చలి మొదలైతే ఇంటికి దిగే దారి. "పోవడమే గానీ తిరిగి రావడం లేని దారిని కన్యాద అనరు" అనేవాడు. ఆయన ఒళ్ళో నేనూ నువ్వూ కలిసే కూర్చుని విన్నాం.

ఇక్కడ వినోదానికి లోటు లేదు. పోయిన ఆదివారం టెక్సాస్ నుంచి ఒక జంట కారులో దిగింది. కెనడా అనే ఊళ్ళో నిలబడి ఫోటో తీసుకోవాలట. మన ఫిలొమేనా వాళ్ళని పోస్టాఫీసు మెట్ల దగ్గరే ఆపి "పాస్‌పోర్టు చూపించండి" అంది. వాళ్ళాయన నిజంగానే జేబులు తడుముకున్నాడు. తర్వాత అందరికీ మన ఇంట్లోనే చిక్కుళ్ళూ పచ్చిమిరప కూరా పెట్టాను. ఆయనకి కూర నషాళానికెక్కి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ "కెనడా ఇంత వేడిగా ఉంటుందనుకోలేదు" అన్నాడు. ఆయన నాకు నచ్చాడు.

మక్లోవియో దగ్గర్నుంచి ఏమీ లేదు. నేనే రెండు ఉత్తరాలు రాశాను, మొదటిది కుశలమడుగుతూ, రెండోది ఒంట్లో బావుందా అని. వాటికీ జవాబు లేదు. మూడోది రాయను. నాకు నలభై మూడేళ్ళొచ్చాయి, రోషం కూడా అంతే వయసుది. దుప్పటి చుట్టేసి పెట్టెలో అడుగున పెట్టాను. దాని మీద నీ పాత స్వెట్టరు పెట్టాను, కనిపించకుండా. బాధగా ఉందిరా. ఇంకెవరితోనూ అనలేను కాబట్టి నీకు రాస్తున్నాను.

ఇంకో మాట. నీ ఉత్తరం మళ్ళీ చదివాను. నదులు ఒకరు గీస్తారన్నావు, రోడ్లు ఒకరన్నావు, రంగులు ఒకరన్నావు. పేర్లు రాసేది ఎవరో మాత్రం చెప్పలేదు.

ఎవులాలియా

*

డెన్వర్,
ఏప్రిల్ 20, 1954

అక్కా,

చేతినిండా పని, రెండు ముక్కలే రాస్తున్నాను. ఆ పేర్లు రాసినవాడు ఇప్పుడు ఇక్కడ లేడనుకుంటాను. మంచివాడే పాపం, తొందరలో జరిగి ఉంటుంది.

ఎర్ర ఉన్ని, నీలం ఉన్ని పంపుతున్నాను. నా స్వెట్టరు తీసి పక్కన పడేసి దుప్పటి పైకి తియ్. ఆయన రాస్తాడు.

బెలార్మినో

*

లా కన్యాద,
జూన్ 10, 1954

ఒరేయ్ తమ్ముడూ,

కూర్చుని చదువు. పక్కన మంచినీళ్ళు పెట్టుకో.

ఇవాళ ఫిలొమేనా పోస్టాఫీసు తలుపు కూడా వెయ్యకుండా, ఏప్రన్‌తోనే పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో ఒక కట్ట. నిజం కెనడా నుంచి! న్యూ బ్రన్స్‌విక్ అనే రాష్ట్రంలో ఏదో పల్లె పోస్టుమాస్టరు, ఏబ్నర్ కీత్ అని, ఆయన పంపాడు. కట్టలో మక్లోవియో రాసిన నాలుగు ఉత్తరాలు. నాలుగు! కవర్ల మీద ఇంగ్లీషులో "కెనడా, ఎన్.ఎం." అని ఉంది. ఎక్కడో ఉత్తరాలు విడదీసే పుణ్యాత్ముడు ముందు మాట చూసి, "ఎం"ని "బి" అనుకుని, న్యూ మెక్సికోవి న్యూ బ్రన్స్‌విక్‌కి పంపేశాడు. అక్కడివాళ్ళు నా పేరే ఉన్న ఇంకొకావిడ పల్లెకి చేర్చారు.

కీత్ గారి ఉత్తరం నీకు వినిపించాలి. "అమ్మా, మా దగ్గర యూలేలియా అనే ఆవిడ ఒకరున్నారు, వయసు ఎనభై నాలుగు. చూపిస్తే, నావేనంటూ లాక్కున్నారు. భాష తెలియకపోయినా మర్యాదస్తుడి చేతిరాతలా ఉందని మూడు ఉత్తరాలు రెండు నెలలు దిండు కింద పెట్టుకున్నారు. నాలుగోది వచ్చాక మా ఫాదరు గారికి అనుమానం వచ్చింది. ఆయనకి కొంచెం స్పానిష్ వచ్చు. లోపల కాగితం పైన 'లా కన్యాద, న్యూ మెక్సికో' అని పూర్తిగా, మెలికతో సహా రాసి ఉంది. ఆ మెలిక చూసే ఇది మా దేశం కాదని ఆయన పట్టుకున్నారు. ఆలస్యానికి క్షమించండి. మా యూలేలియా గారు ఏడుస్తూ ఇచ్చారు. ఆ ఉత్తరాలు రాసినాయనకి ఇంకా సంబంధం కుదరకపోతే తనకి కబురు చెయ్యమన్నారు."

నవ్వాను, ఏడ్చాను, మళ్ళీ నవ్వాను. తర్వాత నాలుగో ఉత్తరం చదివాను. నవ్వు ఆగిపోయింది. మే 8న రాశాడు. ఉన్నదున్నట్టు దించుతున్నాను:

"ఎవులాలియా గారూ, మీ రెండు ఉత్తరాలూ అందాయి. నేను వెంటనే జవాబు రాశాను. మళ్ళీ మీ నుంచి ఏమీ రాలేదు. నా మాటల్లో ఏదో మీకు నచ్చలేదనుకుంటున్నాను. యజమాని ఇంకో మూడేళ్ళు ఉండమని కాగితం పెట్టాడు. సాన్ హువాన్ పండుగ దాకా ఆగమన్నాను. శీతాకాలానికి నేను మీ ఊరు రావచ్చా, ఇక వెళ్ళిపోకుండా ఉండటానికి? వద్దంటే మీరు ఏమీ రాయక్కర్లేదు, నాకు అర్థమవుతుంది."

సాన్ హువాన్ పండుగ ఇరవై నాలుగున. పద్నాలుగు రోజులుంది. మంద ఇప్పటికే కొండ మీదికి ఎక్కేసి ఉంటుంది, అక్కడికి టపా రెండు వారాలకోసారి. నేను ఏమీ రాయకపోతే ఆయనకి "అర్థమవుతుంది". మూడేళ్ళ తర్వాత నాకు నలభై ఆరు.

ఇందులో ఇంకో చిన్న కవరు ఉంది, అంటించింది. ఆయనకి. నిన్ను వెళ్ళమని నేను అడగటం లేదు. నీకు ఉద్యోగం ఉంది. డెన్వర్ నుంచి, ఆయనుండే కొండ కింది లారమీకి బస్సులు ఎన్నింటికో నాకు తెలియదు.

అక్క

*

లారమీ, వ్యోమింగ్,
జూన్ 16, 1954

అక్కా,

బస్సు ఉదయం ఏడింటికి. ఆఫీసులో చెప్పి ఎక్కేశాను. ఇప్పుడు కొండ దిగి వచ్చి బస్‌స్టాండు బల్ల మీద రాస్తున్నాను. నీ కవరు చేరింది. ఆయన ఏమన్నాడో చెప్పేముందు ఒకటి చెప్పాలి. వరస తప్పితే చెప్పే ధైర్యం పోతుంది.

ఆ గుడ్డివాడు నేనే.

మా ఆఫీసులో పేర్లు రాసేది నేను. పోయిన అక్టోబరులో మన ఊరి పేరు నా చేత్తోనే రాశాను. ఎంత బాగా కుదిరిందో, మెలిక పెట్టి కాసేపు చూసుకున్నాను కూడా. అప్పుడు మా పెద్దాయన ప్రాట్ గారు భూతద్దం పట్టుకుని వంగాడు. "ఇదేంటి బెల్, ఈగ రెట్టేసిందా?" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, "అవునండీ, ఈగే" అన్నాను. బ్లేడు తీసి గీకేశాను. ఆ ఊపులోనే ఎస్పన్యోలా మీదా గీకేశాను.

ఏడేళ్ళుగా వాళ్ళు నన్ను బెల్ అంటారు. బెలార్మినో పొడుగైందట. నా పేరు గీకినప్పుడు కూడా నవ్వినవాడిని, ఊరి పేరు దగ్గర ఆగుతానా? నీకు మార్చిలోనే చెప్పాల్సింది. సిగ్గుతో చెప్పలేదు. ఆ మెలికకీ నీ ఉత్తరాలకీ సంబంధం ఉందని మాత్రం నిజంగా తెలియదక్కా.

నిన్న యజమాని ఇంట్లో తెలిసింది. మక్లోవియోకి ఇంగ్లీషు రాయడం రాదు. కవర్ల మీద చిరునామా యజమాని భార్య రాసిపెడుతుంది. ఇదివరకు నీ కవరు చూసి రాసేదట. ఈ ఏడు వంటింటి గోడకి కొత్త మ్యాపు తగిలించుకుని, అందులో చూసి రాసింది. ఆ గోడ మీద ఉన్నది నా మ్యాపే. ఆవిడ "ఎంత చక్కటి రాతో చూడండి" అని నాకే చూపించింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆవిడ లారీలో కొండ మీదికి పంపింది. మక్లోవియో తను ఉండే గుడారపు బండి ముందు చిక్కుళ్ళు ఉడకేస్తున్నాడు. నువ్వు చెప్పినదానికన్నా పొడుగు.

"ఎవులాలియా తమ్ముణ్ణి. ఉత్తరం తెచ్చాను" అన్నాను.

"పోస్టులో రాలేదేం?"

"పోస్టులో అయితే కెనడా తిరిగి రావాలి."

అంతా చెప్పాను. ఈగ సంగతితో సహా. ఆయన గరిటెతో చిక్కుళ్ళు ఓసారి కలిపాడు.

"మెలిక పెట్టడం మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. పెట్టి గీకేశాను."

"సరే, ముందు తిను. తిన్నాక తిడతాను."

తిన్నాను. ఆయన నీ కవరు చించి చదివాడు. మళ్ళీ చదివాడు. నా చేతికిచ్చి "ఇదేంటో చూడు బాబూ" అన్నాడు. నువ్వు రాసింది ఇంతే: "దుప్పటికి తెల్ల ఉన్ని చాలలేదు. వచ్చేటప్పుడు రెండు మూటలు పట్టుకురండి."

"ఒప్పుకున్నట్టా? ఉన్ని కావాలన్నట్టా?" అన్నాడు.

నేను "వచ్చేటప్పుడు" అన్న మాట మీద వేలు పెట్టాను. "మా అక్క ఎవరినీ దేనికీ రమ్మనదు బావా. ఇంతకన్నా గట్టిగా చెప్పాలంటే తుపాకీ పేల్చాలి."

బావా అని నోటికి దానంతటదే వచ్చింది. ఆయన మొహం అటు తిప్పుకుని గొర్రెల్ని లెక్కపెట్టినట్టు నటించాడు. తర్వాత "రెండు నెలలు నా రాతే బాలేదనుకున్నానయ్యా" అన్నాడు. ఆ ఒక్క ముక్క నాకు చాలు, తిట్లక్కర్లేదు. "తిట్టడం మీ అక్కకి వదిలేస్తున్నా. నాకన్నా బాగా తిడుతుందట" అన్నాడు.

మూడేళ్ళ కాగితం పొయ్యిలో పడింది. మంద దించి అక్టోబరులో వస్తాడు. ఇక నువ్వు తిట్టు.

బెలార్మినో

*

లా కన్యాద,
జూన్ 25, 1954

డెన్వర్‌లో ఉండే బెల్ గారికి,

మీరెవరో నాకు తెలియదు. మా తాతయ్య మందలు తోలిన దారిని ఈగ రెట్ట అన్నారని విన్నాను. నలభై మూడేళ్ళ ఆడదాన్ని నాలుగు నెలలు పెట్టె మూతకేసి చూస్తూ కూర్చోబెట్టారని కూడా విన్నాను. పైగా ఆ రాసినవాడు "మంచివాడే పాపం" అని మీకు మీరే మెచ్చుకోలు ఉత్తరం రాసుకున్నారు. ఆ ముక్కకి మాత్రం ఫిలొమేనా, నేను కడుపు పట్టుకుని నవ్వాం. అయినా మా గడప తొక్కకండి.

ఇక మా తమ్ముడు బెలార్మినోకి:

నిన్న సాన్ హువాన్ పండుగ. తెల్లారకముందే ఆడవాళ్ళందరం కాలవలో స్నానానికి దిగాం. నీళ్ళు మంచులా ఉన్నాయి. ఫిలొమేనా "కెనడా నీళ్ళు!" అని అరిచింది. నేను అందరికన్నా ఎక్కువసేపు నీళ్ళలో ఉన్నాను. నా ప్రాణానికి ఇంత హాయి ఎప్పుడూ లేదురా. ఉద్యోగం ఏమైనా కానీ అని ఉదయం ఏడింటి బస్సు ఎక్కావు చూడు, దానికి నీకు రెండు చెవుల్లో ఒకటి వదిలేస్తున్నాను.

రెండోది ఎప్పుడు వదులుతానంటే, ఆ బెల్ అనేవాడు గీకింది మా తమ్ముడు మళ్ళీ పెట్టినప్పుడు. అది పెట్టేదాకా పెళ్ళికి రావద్దు. నిజంగానే అంటున్నాను.

ఎవులాలియా

*

డెన్వర్,
జూలై 30, 1954

అక్కా,

వచ్చే ఏడాది మ్యాపుకి దిద్దుబాట్లు మొదలయ్యాయి. ప్రాట్ గారి దగ్గరికి వెళ్ళి, మెలికలు మళ్ళీ పెడతానన్నాను. "ఒక్క చిన్న గీత బెల్, ఎవడు చూస్తాడు?" అన్నాడు. సరేనండీ అని వచ్చేశాను.

ఆ వారంలోనే ఆయన గది తలుపు మీద పేరు కొత్తగా రాయమన్నారు. ఆఫీసులో అక్షరాలు రాసేవాణ్ణి నేనే కదా. నల్ల రంగుతో, బంగారు అంచుతో, నా ఏడేళ్ళ పనితనమంతా పెట్టి రాశాను. మొదటి అక్షరం మాత్రం రాయలేదు. ప్రాట్‌లో "ప" తీసేస్తే ఏమవుతుందో తెలుసుగా? "రాట్ గారు". ఎలుక గారు.

అంతా వచ్చి చూశారు. ఈసారి నేను నవ్వలేదు. ఆయన మొహం బీట్‌రూటు అయింది.

"ఇదేంటయ్యా బెల్!"

"ఒక్క అక్షరమేనండీ. ఎవడు చూస్తాడు? నా పేరు బెలార్మినో అండీ."

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను, బల్ల సొరుగు ఖాళీ చెయ్యడం కూడా మొదలెట్టాను. గంట తర్వాత పిలిచాడు. మా అక్క ఉత్తరాల కథ అడిగాడు, చెప్పాను. దిండు కింద పెట్టుకున్న ఆవిడ దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మెలికలన్నీ పెట్టెయ్. నా అక్షరం నాకు ఇచ్చెయ్. బె... బెలార్... అదే, నువ్వే" అన్నాడు.

మ్యాపు నమూనా ఇందులో పెట్టాను. చూసి, రెండో చెవి వదులు.

బెలార్మినో

*

లా కన్యాద,
అక్టోబరు 17, 1954

తమ్ముడు బెలార్మినోకి,

నమూనా పోస్టాఫీసు గోడకి అంటించాం. ఫిలొమేనా భూతద్దం పెట్టి ఊరందరికీ మెలిక చూపిస్తోంది. కెనడా పోయినందుకు తనకి కాస్త దిగులుగానే ఉంది. కీత్ గారికీ, అక్కడి యూలేలియా గారికీ ఒక పెట్టె మిరపకాయలు పంపాను. వరుడు కుదిరిపోయాడని చెప్పాల్సి వచ్చింది, చేదు వార్త ఒట్టి చేతులతో ఎలా చెప్తాం?

మొన్న మధ్యాహ్నం నేను పెరట్లో మొక్కజొన్న పొత్తులు ఒలుస్తున్నాను. రెండు కొండల మధ్య నుంచి, తాతయ్య మంద దిగిన దారినే ఒక మనిషి నడిచి వస్తున్నాడు. భుజానికి ఒకటి, చేతిలో ఒకటి, రెండు తెల్ల ఉన్ని మూటలు. గుమ్మం దగ్గర ఆగి "సరిపోతాయా?" అన్నాడు. రెండేళ్ళు కాగితాల మీద అంత మాట్లాడిన మనిషి, అంతకు మించి ఒక్క ముక్క అనలేకపోయాడు. నేను మాత్రం ఏమన్నాను? "చేతులు కడుక్కోండి, తిందురుగాని" అన్నాను. పొత్తులన్నీ ఒళ్ళోంచి కింద పడిపోయాయి.

పెళ్ళి నవంబరు ఆరున. దుప్పటి అయిపోవచ్చింది, అది పెళ్ళి దుప్పటే అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. రెండో చెవి కూడా వదిలేశాను, రా. అవును, శుభలేఖలు నువ్వే రాయాలి. నీ రాతకి సాటి లేదని వ్యోమింగ్ వంటింట్లోనే అన్నారట కదా.

రాసేటప్పుడు మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకో. నిన్న మన ఫాదరు గారి పెళ్ళిళ్ళ పుస్తకంలో నా కొత్త పేరు రాస్తుంటే చూశాను. మక్లోవియో ఇంటిపేరులోనూ ఎన్ నెత్తిన మెలిక ఉందిరా! మెలికతో మొంతాన్యో. అది గీకేస్తే ఇంగ్లీషువాడి నోట్లో ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. ఒకసారి ఊరిని కెనడా పంపావు. ఈసారి ఈగ అన్నావంటే, పెళ్ళికూతురు మొంటానా రాష్ట్రానికి పోతుంది.

మీ అక్క,
ఎవులాలియా త్రుహీయో దె మొంతాన్యో
(మెలిక నేనే పెట్టాను. రెండుసార్లు దిద్దాను.)